అమ్మ అరిచిన ‘ఇడ్సు!’

మాది ఆళ్లగడ్డ. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో డబుల్స్ ఆడతాను. అప్పటి నా జోడీ నంద్యాల అమ్మాయి. బంతి బయటికి పోయేలా ఉంటే, వదిలేయమని ‘ఇడ్సు!’ అని అరుచుకునేవాళ్లం. ఎదుటివాళ్లకు అర్థం కాదని మా గర్వం.

ఆ రోజు అమ్మ మొదటిసారి నా ఆట చూడటానికొచ్చింది. సులువైన బంతిని నెట్‌కు కొట్టి ఏడుపుముఖం పెట్టాను. ఇంకొక్క పాయింటు పోతే ఓటమే. మళ్లీ బంతి నామీదికి వస్తుండగా, వెనకనుంచి ‘ఇడ్సు!’ అని వినిపించింది. వదిలేశాను. లైను లోపలే పడింది.

“ఏంటికి ఇడిస్తివి మే?” జోడీ మండిపడింది.

“నువ్వే కదా అంటివి!”

“నేన్యాడ అంటిని?”

గ్యాలరీలో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. పోయిన పాయింటును వదిలేయమని, ఏడవొద్దని నన్ను ఓదార్చబోయింది, అంతే.

ఆ అమ్మాయి మళ్లీ నాతో ఆడలేదు. ఇప్పుడు ఓడిపోయి ఫోన్ చేస్తే, అమ్మ ‘ఇడ్...’ అని మొదలుపెట్టి మిగతాది మింగేస్తుంది. నాకు కావలసింది ఆ మిగతాదే.