ఒడ్డు మీది గొంతు

మా యారాలు పోయిన సంగతి మా బావగారు ఫోన్ చేసి చెప్పారు. నేనప్పుడు మామిడికాయ తొక్కు జాడీలకు తేదీలు రాసిన కాగితాలు అంటిస్తున్నాను. "మీ అక్క ఇగ లేదమ్మా" అన్నారాయన. పదిహేను రోజులుగా ఆమె వరంగల్ దవాఖానలో ఉంది, మేమందరం అనుకుంటున్న కబురే. అయినా చేతిలోని కాగితం జాడీకి వంకరగా అంటుకుంది. దాన్ని పీకి మళ్లీ తిన్నగా అంటించాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను.

యారాలంటే తోడికోడలు. ఆమె మా ఇంటి పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. ముప్పై ఏళ్లు అక్క, చెల్లె అని పిలుచుకున్నాం. ఆ ముప్పై ఏళ్లలో ఆమెను చూసి నేను కుళ్లుకోని ఏడాది లేదు. పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదంటారు. కానీ ఈ మాట దాచిపెడితే ఆమె గురించి రాయడానికి నా దగ్గర మిగిలేది చాలా తక్కువ.

మా అత్తగారి ఊరు దంతాలపల్లి దగ్గర. అక్క పెళ్లయ్యాక గ్రంథాలయ శాస్త్రం చదివి కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం తెచ్చుకుంది. కొన్నేళ్లు మహబూబాబాద్‌లో, కొన్నేళ్లు భూపాలపల్లిలో చేసింది. ఆమె భూపాలపల్లిలో ఉన్నన్నాళ్లూ నా మనసు కాస్త కుదురుగా ఉండేది. తర్వాత బదిలీ మీద మేముండే జనగామకే వచ్చి, మా ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకు దిగింది. ఇక మా ఇంట్లో ఏ మాట వచ్చినా ఆమె దగ్గరికే పోయేది. ఏ శుభకార్యానికి ఏ చీర పెట్టాలని నేనడిగితే మా అత్తమ్మ, "ఆగు, పెద్దదాన్ని అడిగి చెప్త" అనేది. నా కూతురు లెక్కలు రాకపోతే పుస్తకం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి ఉరికేది. నాకూ లెక్కలు వచ్చు. ఆ సంగతి నా కూతురికీ తెలుసు.

అక్క కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. చింపిన కవర్లను నాలుగు ముక్కలు చేసి చీటీలుగా వాడేది. టీవీలో సినిమా అయిపోయాక పేర్లు పడుతుంటే ఎవరినీ కట్టెయ్యనిచ్చేది కాదు.

"వదినా, సినిమా అయిపోయింది" అనేవారు మా ఆయన.

"నీకు అయిపోయింది. పనిచేసినోళ్లకు ఇప్పుడే మొదలైంది. పేర్లు అయిపోనియ్యి."

చివరి పేరు వెళ్లేదాకా మేమందరం అన్నం ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం.

నాలుగేళ్ల కింద, పాటలు సేకరించే అలవాటున్న ఒక ముసలి లెక్చరర్ తన దగ్గరున్న వీడియో క్యాసెట్లన్నీ అక్క పనిచేసే కాలేజీకి ఇచ్చేశారు. రెండు ట్రంకుపెట్టెలు. ఊళ్లు తిరిగి తీయించిన కథలు, పెండ్లి పాటలు, వరినాటు పాటలు. వాటిని డిస్కుల్లోకి ఎక్కించి తెచ్చారు. ఒక్కొక్కటీ మొదటి నుంచి చివరిదాకా చూసి, ఏ నిమిషంలో ఏముందో, ఎవరున్నారో రాసే మనిషి కావాలి. అక్క ఒక ఆదివారం మా ఇంటికొచ్చింది.

"చెల్లె, నీ పుస్తకం జర చూపియ్యి."

"ఏ పుస్తకం?"

"గ్యాస్ బండ ఎప్పుడు పెట్టినవో, తొక్కు ఎప్పుడు కలిపినవో రాస్తవు గదా, గది."

"నవ్వనీకా?"

"నేర్చుకోనీకి."

పుస్తకం పేజీ పేజీ తిప్పింది. "మా ఆఫీసుల ఇంత పద్ధతి ఎవ్వరికి లేదు. నువ్వే రావాలె" అంది. నా మీద జాలిపడి ఇచ్చిన మెప్పేమోనని ఆ మెప్పు మీద కూడా నాకు మంటే పుట్టింది. అయినా మరునాడు మధ్యాహ్నం గిన్నెలు తోమేసి వెళ్లాను. అలా ఏడాదిపాటు వెళ్లాను.

పని నేర్పడంలో ఆమెకు ఓపిక ఎక్కువ. లైబ్రరీ జాబితాలో పాత పద్ధతి ప్రకారం పేరు పక్కన 'వీడియో రికార్డింగు' అని ఒక్క మాట రాసి ఊరుకునేవారట. కొత్త పద్ధతిలో మూడు సంగతులు విడివిడిగా చెప్పాలి. నాకు అర్థం కాకపోతే మా వంటింట్లోని జాడీ చూపించింది. "లోపల ఏముంది? తొక్కు. తియ్యనీకి ఏం కావాలె? గరిటె. దేంట్ల పెట్టినవు? జాడీల. గంతే చెల్లె. లోపల కదిలే బొమ్మ. చూడనీకి వీడియో మిషిని. పెట్టింది డిస్కుల." నేను అప్పటినుంచి మరిచిపోలేదు. ఇంత తేలికగా చెప్పడం ఈమెకెలా వచ్చిందని మాత్రం అనుకున్నాను.

ఇంకా చాలా చెప్పేది. "డబ్బా మీద రాసింది నమ్మకు, తెర మీద పడ్డది రాయి." "తెర మీద తప్పు పడితే తప్పే రాయి. కొట్టెయ్యకు. కింద సరైనది చెప్పు." తెర మీద లేని సంగతి బయటినుంచి తెలిస్తే, ఎవరు చెప్పారో కింద తప్పకుండా రాయాలనేది. అన్నిటికంటే నాకు నచ్చింది పేర్ల సంగతి. పాత పద్ధతిలో ముగ్గురికంటే ఎక్కువ మంది ఉంటే మొదటి పేరు రాసి 'మరియు ఇతరులు' అనేవారు. కొత్త పద్ధతిలో ఎంతమంది ఉంటే అంతమంది పేర్లూ, ఎవరు ఏం చేశారో కూడా రాయవచ్చు.

"అందరివి రాయొచ్చా అక్కా?"

"రాయొచ్చు. కని మన పేరు మనమే రాసుకోవద్దు. చూసినోళ్లు ఇంకొకళ్లు చెప్పాలె. లేకుంటే ఎవరు నమ్ముతరు?"

ఒకరోజు 'పెండ్లి పాటలు, కొడకండ్ల' అని రాసి ఉన్న డబ్బాలోని డిస్కు పెట్టాను. తెర మీద పెండ్లి లేదు. వరి పొలం ఉంది. మా పొలం. నడుం వంచి నాటు వేస్తున్న ఏడుగురు ఆడవాళ్లలో ముందున్నది నేను. పాతికేళ్ల కిందటి నేను.

ఆ రోజు నాకు బాగా గుర్తు. మా పుట్టిల్లు ఘనపూర్ వైపు. అక్కడ నాటు పాట ఎత్తుకునేదాన్ని నేనే. నాకు ఉద్యోగం లేదు, పెద్ద చదువు లేదు. పాట ఒక్కటే నాదనుకునేదాన్ని. కెమెరా పట్టుకుని కాలేజీ పిల్లలొస్తే, "మా చిన్నకోడలు పాడుతది" అని అత్తమ్మే చెప్పింది. ఆమె నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అక్క సెలవు మీద ఊళ్లో ఉంది. కాలికి మేకు గుచ్చుకుందని ఆమెను బురదలో దిగనివ్వలేదు. ఎనిమిది నెలల నా కూతురిని ఎత్తుకుని ఒడ్డు మీద నిలబడింది. నేను నోరు తెరిచాను. కెమెరా ఎదురుగా ఉంది. మాట రాలేదు. అందరూ ఆగిపోయారు. అప్పుడు ఒడ్డు మీదినుంచి అక్క గొంతు వచ్చింది. నా పాట. ఒక్కో చరణం ఆమె ఎత్తుకుంటే, నాతో కలిపి ఏడుగురం అందుకున్నాం. సాయంత్రం అత్తమ్మ ఊరంతా చెప్పింది, "పెద్దది లేకుంటే పరువు పోతుండె" అని.

నన్ను ఆదుకుందని ఊరంతా అనుకుంది. నా పాట గుంజుకుందని నేననుకున్నాను. పాతికేళ్లు అలాగే అనుకున్నాను.

ఇరవై రెండు నిమిషాల వీడియో అది. మేం వంగి ఉన్నా పక్కనుంచి ముఖాలు కనిపిస్తాయి. ఎత్తుకునే గొంతు బయటినుంచి వస్తుంది. పదకొండో నిమిషం నలభయ్యో సెకనులో కెమెరా ఒడ్డు వైపు తిరిగి, ఆరు సెకన్లు ఉండి, మళ్లీ మా మీదికొస్తుంది. నేను కాగితం మీద అంతా పద్ధతిగా రాశాను. పన్నెండో నిమిషానికి ముందు పాటలో ఒక మాట సరిగ్గా వినపడదని కూడా రాశాను. ఆ ఆరు సెకన్లు మాత్రం రాయలేదు. చివర ఏడు పేర్లు రాసి, పాట ఎత్తుకున్నవారు అన్నచోట నా పేరు పెట్టాను. ఆ రోజు అది నాకు అబద్ధంలా అనిపించలేదు.

రెండు రోజులకు అక్క ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. చాయ్ తాగింది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"చెల్లె, ఒడ్డు మీద ఎవరో ఉన్నట్టున్నది గదా?"

"నాకు యాదికి లేదక్కా."

నా ముఖం వైపు చూసింది. నేను చాయ్ గిన్నె వైపు చూశాను.

"సరే, యాదికొచ్చినప్పుడు చెప్పు" అంది. కొప్పులోంచి పెన్సిల్ తీసి, ఒక చీటీ మీద ఏదో రాసి, సంచిలో వేసుకుంది. పోతూ పోతూ జాడీలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని, "తొక్కుల ఉప్పు జర తక్కువైంది సూడు" అంది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఇంకో రెండు నెలల పని మిగిలితే నన్ను రమ్మనే చెప్పింది, కాగితాలు నా చేతికే ఇచ్చింది. ఆమె గట్టిగా అడిగి ఉంటే నేను గట్టిగా కొట్లాడేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

తర్వాత ఆమెకు జబ్బు చేసింది. చూడటానికి పోయిన ప్రతిసారీ చెబుదామనుకునేదాన్ని. మంచం చుట్టూ మనుషులుండేవాళ్లు. ఎవరూ లేని ఒకరోజు ఆమె నిద్రపోతోంది. ఇది కూడా సాకే, నాకు తెలుసు.

అంత్యక్రియలకు మూడు ఊళ్ల కాలేజీల నుంచి జనం వచ్చారు. హనుమకొండ బ్యాంకులో పనిచేసే నా కూతురు పెద్దమ్మ పాదాలు పట్టుకుని లేవలేదు. ఎవరో నా పక్కనుంచి, "సొంత తల్లికైనా గిట్ల ఏడుస్తరా" అన్నారు. ఆ సమయంలో కూడా నాకు కడుపు మండింది. రాస్తున్నాను కాబట్టి అదీ రాస్తున్నాను.

ఐదో రోజు, లైబ్రరీలో ఆమె కింద పనిచేసిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కాసేపు కూర్చుని, "అమ్మా, మేడం అన్ని పూర్తి చేసిన్రు. జాబితాల ఒక్క రికార్డు సగంల ఉన్నది. మిమ్ములను అడగాలని చీటీ ఉన్నది" అంది.

పదకొండో రోజు దాటాక లైబ్రరీకి వెళ్లాను. ఆ గది, ఆ కుర్చీ అలాగే ఉన్నాయి. అమ్మాయి ఫైలు తీసింది. నా కాగితం, దానికి గుండుసూదితో గుచ్చిన చీటీ. చింపిన కవరు ముక్క మీద అక్క పెన్సిల్ రాత:

'పొలంలో కనిపించేది ఏడుగురు. గొంతులు ఎనిమిది. ఎత్తుకునేటప్పుడు ఏడుగురి నోళ్లూ మూసి ఉన్నాయి. చెల్లె రాతలో ఆరు సెకన్లు లేవు. చెల్లెను అడగాలి. తొందర లేదు.'

రికార్డులో ఏడు పేర్లున్నాయి, గాయనులుగా. పాట ఎత్తుకున్నది ఎవరన్నచోట ఖాళీ. ఆమె గొంతు ఆమెకు తెలియదా? మన పేరు మనం రాసుకోవద్దన్న మాట మీద నిలబడి, మూడేళ్లు ఆ ఖాళీని నాకోసం అట్టిపెట్టింది. ఎదురుగా లేకపోయినా ఆమెదే పైచేయి అయింది. ఇలాంటి మనిషితో ఎవరు పోటీ పడగలరు?

"అమ్మా, ఎత్తుకున్నది ఎవరు?" అని అడిగింది అమ్మాయి.

"మీ మేడం."

అమ్మాయి రాయడం ఆపి నన్ను చూసింది. "మీ కాగితంల మీ పేరున్నది గదా?"

"అది తప్పు. కాగితం చింపకు, కొట్టెయ్యకు. కింద సరైనది రాయి."

"తెర మీద పేరు లేదు గదమ్మా. ఎవరు చెప్పిన్రని రాయాలె?"

"ఆమె యారాలు చెప్పిందని రాయి. నా పేరు కూడా రాయి."

రాసింది. తర్వాత నేనే అడిగాను, ఆ ఆరు సెకన్లు ఒకసారి వెయ్యమని. ఏడాది పని చేసినా, ఆ ముక్కను మొదటిసారి చూసినప్పుడు తల తిప్పేసుకున్నదాన్ని నేను.

కెమెరా ఒడ్డు వైపు తిరిగింది. అక్క ఒంటికాలి మీద బరువు వేసి నిలబడి ఉంది, రెండో కాలికి గుడ్డ కట్టి. నడుం మీద నా బిడ్డ. అక్క మా వైపు చూస్తూ పాడుతోంది. బిడ్డ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పెద్దమ్మ ముఖమే చూస్తూ, కదిలే పెదవులను పట్టుకోవడానికి చెయ్యి చాచి, నోటి మీద పెట్టేసింది. అక్క తల కాస్త పక్కకు జరిపి, ఆ వేళ్ల సందుల్లోంచే పాట ఆగకుండా పాడింది. తర్వాత కెమెరా నా మీదికొచ్చింది. నా నోరు మూసి ఉంది.

ఆ పాటలో ఒక మాట సరిగ్గా వినపడదని రాసిపెట్టాను. ఆ మాట మీద నా బిడ్డ అరచెయ్యి ఉంది.