ఉత్తుత్తి చీర

మునిమనవరాలు ఖాళీ ప్లాస్టిక్ కప్పు నా చేతికిచ్చి, "ఉత్తుత్తి చాయ్, తాగు" అంది. ఊదుకుంటూ తాగాను. ఉత్తుత్తి అంటే లేనిదాన్ని ఉన్నట్టు ఆడటం. ఆ మాట నాకు మా బాపు నేర్పాడు.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. సిద్దిపేటలో మా నేతగాళ్ల వాడకు నూలు రావడం ఆగిపోయింది. అయినా బాపు పొద్దున్నే మగ్గం కింది గుంటలోకి దిగి కూర్చుని, పోగు లేని మగ్గాన్ని టకటకలాడించేవాడు.

"ఏం నేస్తున్నవ్ బాపూ?"

"నీకు చీర బిడ్డా."

"నూలేది?"

"ఉత్తుత్తి చీరకు నూలెందుకే?"

నాతో ఆడుతున్నాడని మురిసిపోయాను. ఎర్రచీర, పచ్చంచు కావాలన్నాను. నన్ను కన్న అవ్వ ఎందుకు నవ్వదో అర్థమయ్యేది కాదు.

మా వాడలో ఇంట్లో ఎవరైనా చనిపోతేనే పొద్దుటిపూట మగ్గం ఆపేవారు; చప్పుడు వినబడకపోతే వాడంతా ఆరా తీసేది. ఒకరోజు బాపు చేతులు ఆగిపోయాయి. కాసేపటికే పక్కింటి పెద్దనాయిన గాభరాగా వచ్చాడు.

"ఎవలు పోయిన్రురా?"

"ఎవ్వలు పోలే అన్నా" అన్నాడు బాపు, గుంటలోంచి లేవకుండానే.

ఆయన ఖాళీ మగ్గం వైపు ఒకసారి చూసి, తన మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు.

"నా చీర అయిందా?" అని నేను చేతులు చాపాను. బాపు గాలిని జాగ్రత్తగా మడతపెట్టి నా చేతుల్లో పెట్టాడు. "అయింది బిడ్డా. ఇగ నేసేది లేదు."

దాన్ని కట్టుకుని, టకటకలు వినిపిస్తున్న ప్రతి ఇంటికీ వెళ్లి చూపించాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ మగ్గాల మీదా పోగు లేదని చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు.