నోటికి తాళం వేసిన బొమ్మ

మొన్నటి వానకు బీరువాలోకి చెమ్మ చేరితే పుస్తకాలన్నీ తీసి డాబా మీద ఆరబెట్టాను. ఎండ తగలగానే ఒక పాత అట్లాసు లోంచి నున్నటి కాగితం వాసన వచ్చింది. జిగురూ చెమ్మా కలిసిన ఆ వాసనకు సుందరరామయ్య గారు గుర్తొచ్చారు. యాభై ఏళ్ళ కిందట విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన చరిత్ర లెక్చరరు. నేను అదే శాఖలో కొత్తగా చేరిన ట్యూటర్ని. మాది కొల్లేటి ఒడ్డున చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. మా ఇంట్లో ఎం.ఏ. దాకా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ ఉద్యోగం నా ఒక్కదానిదిలా ఉండేది కాదు.

ఆయన రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేవారు, చంకలో అదే వాసన వేసే ఒక పెద్ద పుస్తకంతో. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో అచ్చు వేసి అమ్మిన రాజకీయ వ్యంగ్య చిత్రాలు అందులో ఉండేవి. పొట్ట ఉబ్బిన రాజు, ఎముక కోసం కొట్లాడుకునే కుక్కల్లా మంత్రులు. పాఠం చెప్పడం నేర్చుకుందామని నేను ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఒకరోజు స్టాఫ్ రూములో నాకొక బొమ్మ చూపించారు. దుకాణం అద్దాల నిండా బొమ్మలు, బయట జనం ఎగబడి చూస్తున్నారు.

"వీళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారంటావమ్మా?"

"సగం మందికి రాదేమోనండీ."

"కొనే స్తోమతా ఉండేది కాదు. నిలబడి చూసి నవ్వుకుని పోయేవారు. విచిత్రం ఏంటంటే, ఎవరి మీద వేశారో ఆ పెద్దమనుషులే కొందరు వాటిని కొని దాచుకునేవారు."

"కోపం రాదాండీ?"

"రాకేం, వచ్చినా కొనేవారు. తన బొమ్మ చూసి నవ్వుకోలేనివాడు పైన కూర్చుంటేనే మనకు కష్టం."

ఎమర్జెన్సీ వచ్చాక ఆ పుస్తకం ఇంట్లో పెట్టుకోమని చాలామంది చెప్పారు. ఆయన తేవడం మానలేదు. ఒకరోజు క్లాసులో ఒక సామాన్య ఇంగ్లీషువాడి బొమ్మ చూపించారు. నోటికి పెద్ద తాళం. సభలు పెట్టకూడదని, ప్రభుత్వాన్ని విమర్శించకూడదని అక్కడ చట్టాలు తెచ్చినప్పటి బొమ్మ అది. ముందు ఎవరో నవ్వారు, ఆపైన క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "పదిహేడు వందల తొంభై అయిదు. సంవత్సరం రాసుకోండి" అన్నారు.

రెండు రోజులకు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు. "ఎవరో పైకి ఉత్తరం రాశారమ్మా. ఆయన ఇప్పటి ప్రభుత్వాన్ని ఏమన్నా అన్నారా? మీరు క్లాసులో ఉన్నారటగా, రాసివ్వండి." మా నాన్న ముఖం కళ్ళముందు మెదిలింది. 'ఆ రోజు నేను క్లాసులో లేను' అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు సుందరరామయ్య గారు నా బల్ల ఎదుట కూర్చున్నారు. "ఆ రోజు క్లాసులో లేనని రాశావటగా."

"భయమేసిందండీ."

"నాకూ భయంగానే ఉందమ్మా. ఇద్దరు పిల్లలు. నన్ను కాపాడమని అడగను. విన్నది రాయి, లేకపోతే రాయనని చెప్పు. చరిత్ర చెప్పేవాళ్ళం మనమే ఉన్నచోట లేమని రాస్తే ఎలా?" అని, సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయారు.

నేను వెళ్ళి నా కాగితం వెనక్కి అడిగాను. "ఎందుకమ్మా తలనొప్పి" అంటూనే ప్రిన్సిపాల్ గారు ఇచ్చారు. కొత్త కాగితం మీద రాశాను, నేను అక్కడే ఉన్నానని, ఆయన బొమ్మ చూపించి సంవత్సరం చెప్పారని, అంతకుమించి ఏమీ అనలేదని.

ఎవరినీ అరెస్టు చెయ్యలేదు. పుస్తకాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు, ఆయనకు ప్రాచీన భారత చరిత్ర పాఠాలు ఇచ్చారు. జూన్‌లో నా ఉద్యోగం పొడిగించలేదు. ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే మా నాన్న వల సర్దుకుంటూ, "అబద్ధం రాసి ఉంటే నాకు చెప్పేదానివా?" అన్నాడు. చెప్పేదాన్ని కాదని అప్పుడే తెలిసింది నాకు. ఏడాది తర్వాత గన్నవరంలో ఒక స్కూల్లో చేరాను. ఎమర్జెన్సీ పోయాక ఆయన పుస్తకం ఆయనకు ఇచ్చేశారని, మొదటి క్లాసులోనే ఆ తాళం బొమ్మ తెరిచారని విన్నాను.

ఆయన ఇప్పుడు లేరు. ఉద్యోగంలో తర్వాత ఎన్నో సంజాయిషీలు, సాక్ష్యాలు రాయాల్సి వచ్చింది. ప్రతిసారీ భయం వేసేది. అది పోయేదాకా ఆగేదాన్ని కాదు. 'నేను అక్కడే ఉన్నాను' అని మొదటి వాక్యం రాసేసేదాన్ని. ఆ తర్వాతి వాక్యాలు కొంచెం తేలికయ్యేవి.