సముద్రం దాటని గౌన్లు

గౌన్లక్క అసలు పేరు చర్చిలో ఎవరికీ గుర్తులేదు. స్కూలు యూనిఫారాల ఫ్యాక్టరీలో జీవితమంతా కాజాలు కుట్టి, మొగుడు పోయిన యేడే ఉద్యోగమూ వదిలేసి, గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి. తినమంటే కసిరేది, పలకరిస్తే మొహం తిప్పుకునేది. అలాంటప్పుడు పాస్టరమ్మ వచ్చి, సముద్రం అవతల ఓ పేద ఊరికి చర్చి సాయం చేస్తోందనీ, అక్కడి ఆడపిల్లలకు ఒంటిమీద సరైన బట్టల్లేవనీ చెప్పింది. అంతే, మూలనున్న మిషనుకు మళ్ళీ నూనె పడింది.

ఇక ఆవిడను పట్టడం ఎవరితరం! పొద్దున్నే మిషను మొదలైతే పక్కింటివాళ్ళు రేడియో గొంతు పెంచుకోవాల్సిందే. పిల్లలు ఎదుగుతారని అంచులు లోపలికి ఎక్కువ మడిచేది. గౌనుకు జేబెందుకని ఎవరైనా అంటే కయ్యానికి దిగేది. ఆడపిల్లకు దాచుకోవడానికి ఏమీ ఉండదా అని. తనతోనే ఉంటున్న చెల్లెలు ప్రతి శనివారం మూట చర్చిలో ఇచ్చి వచ్చి, "అక్కా, ఓడెక్కేసినట్టే నీ మూట!" అనేది. ఆ పూట గౌన్లక్క కడుపునిండా తినేది.

ఆరేళ్ళు ఇలాగే గడిచాక ఆ ఊరి పంతులమ్మ చర్చికి వచ్చింది, తమకు బావి తవ్వించినందుకు కృతజ్ఞతలు చెప్పడానికి. ఇక్కడి భాష ఆవిడకు బాగానే వచ్చు. గౌన్లక్క సభ అయ్యీ అవ్వకముందే వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది.

"పిల్లలకు గౌన్లు సరిపోతున్నాయా అమ్మా? చంకల దగ్గర పట్టెయ్యట్లేదు కదా?"

పంతులమ్మ తెల్లమొహం వేసింది. "గౌన్లా? మా ఊళ్ళో సగం ఇళ్ళు దర్జీలవేనండీ. బయటి బట్టలొస్తే వాళ్ళ పొట్ట కొట్టినట్టే కదా, వద్దని ఎప్పుడో చెప్పాం. మీ చర్చి మా మాట విని బావి తవ్వించింది. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

గౌన్లక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. పాస్టరమ్మ చర్చి వంటగదిలో దొరికింది. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

"నా గౌన్లేవి?"

ఆవిడ చేతులు తుడుచుకుని, మేడమీదికి తీసుకెళ్ళి ఓ గది తాళం తీసింది. మూటలు పైకప్పు దాకా ఉన్నాయి. కట్టిన ముడులు కట్టినట్టే ఉన్నాయి. అడుగున ఉన్నవాటిని ఎలుకలు కొట్టేశాయి.

"ఇక్కడి పిల్లలకైనా ఇవ్వచ్చుగా!"

"ఇస్తే నీ కంటపడతాయి కదక్కా," అంది పాస్టరమ్మ, తల వంచుకుని. "మొదటి మూట పంపకముందే వద్దన్నారు వాళ్ళు. నీకు చెబుదామనే అనుకున్నాం. మీ చెల్లెలు ఏడ్చింది. పని ఆగితే అక్క మళ్ళీ గోడకేసి కూర్చుంటుంది, చెప్పకండి అంది. నీ మంచికే..."

గౌన్లక్కకు ఒళ్ళు భగ్గుమంది. "నా మంచా! ప్రతి ఆదివారం నిలబెట్టి చప్పట్లు కొట్టించారే, అంతమందీ నన్ను చూసి జాలిపడ్డారా? మీకు పేద ఊరు నేనేనా?"

వాళ్ళది మంచితనమే అనుకుందాం. అయితే మాత్రం? దొంగలైతే నోరారా తిట్టుకోవచ్చు. వీళ్ళు ఆవిడకు ఆ వీలు కూడా లేకుండా చేశారు.

ఇంటికి వెళ్తుంటే దారి పొడవునా గౌన్లక్కకు ఒకటే ఆశ. చెల్లెలు తనంతట తాను చెప్పేస్తే చాలు, ఇద్దరూ కలిసి ఏడ్చి ఊరుకోవచ్చు. తలనొప్పని చెప్పి ఆవేళ సభకు రాని చెల్లెలు తలుపు తీసి, అక్క మొహంలోకి ఆత్రంగా చూసింది.

"ఏమందక్కా పంతులమ్మ? గౌన్ల సంగతి వచ్చిందా?"

గౌన్లక్క చెప్పులు విడుస్తూ కాస్త ఆగింది. "చాలా బాగున్నాయందే. పిల్లలు వేసుకుని మురిసిపోతున్నారట. నిజమేనంటావా?"

చెల్లెలు హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. "నిజం కాకపోతే! నేనెప్పటినుంచీ చెప్తున్నదేగా!" అంటూ అక్కను గట్టిగా కావలించుకుంది.

గౌన్లక్కకు చేతులెత్తి చెల్లెల్ని పట్టుకోబుద్ధి కాలేదు.