తియ్యటి గోలి

మెహదీపట్నం రైతుబజారులో కడగని క్యారెట్ కుప్ప పక్కనుంచి నడిస్తే చాలు, ఆ తడిమట్టి వాసన, తుంచిన ఆకు పచ్చివాసన ముక్కుకు తగిలి, చేతిలో సంచీతో అలాగే నిలబడిపోతాను. దవాఖానలో నర్సుగా పదేళ్ళు రకరకాల వాసనలు పీల్చిన ముక్కే, దీనికి మాత్రం అలవాటు పడలేదు. మా ఊరు ముడిమ్యాల, అక్కడి చలికాలం, నాకంటే రెండేళ్ళు చిన్నదైన మా చెల్లెలు మంజుల గుర్తుకొస్తారు.

చలికాలం వస్తే ఊరంతా క్యారెట్ పనే. తవ్వి తెచ్చిన గడ్డలను మోటరు దగ్గరి సిమెంటు తొట్టిలో పోసి నీళ్ళు వదిలితే, పిల్లలం అందులోకి దిగి, ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని, జారిపడుతూ, పళ్ళు టకటకలాడుతున్నా నవ్వుతూ, కాళ్ళతో తొక్కి కడిగేవాళ్ళం. మంచి ఎర్రటి గడ్డ కనబడితే అక్కడే కొరుక్కు తినేవాళ్ళం. చెప్పులు పెళ్ళిళ్ళకే. ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు, ఊరంతా చెంబు పట్టుకుని వెళ్ళేది ఆ చేల గట్లకే. ఆ మట్టిలోని పురుగులు వట్టి పాదాల్లోంచి ఒంట్లోకి ఎక్కి, పేగులను పట్టుకుని రక్తం తాగుతాయని మాకు ఎవరు చెప్పాలి? పాదాలు దురద పెడుతున్నాయని ఏడిస్తే బాపు కొబ్బరినూనె రాసి పడుకోబెట్టేవాడు.

మంజుల గోడమట్టి తినేది. వాన పడి ఎర్రమట్టి గోడ తడిసిందంటే చాలు, గోటితో గీరి నోట్లో వేసుకునేది. ముఖం పాలిపోయి, పొట్ట ముందుకొచ్చి, నాలుగడుగులు పరుగెత్తితే కూలబడేది. మేము నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. కడుపులో పురుగులున్నాయని అవ్వ సరిగ్గానే కనిపెట్టింది. అయితే, తీపి తింటేనే అవి పుడతాయని ఆమె నమ్మకం. అందుకని చెల్లెలికి బెల్లం బంద్, చాయ్‌లో చక్కెర బంద్. సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, నెయ్యి కారేలా మలీద ముద్దలు కట్టి ఊరంతా పంచుతుంటే, అది చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. దాని వాటా ముద్ద నేనే తినేదాన్ని. ఒక్కసారైనా గొంతుకు అడ్డం పడలేదు.

ఏడాదికోసారి బడిలో నులిపురుగులు పోయే మందు గోలి ఇచ్చేవారు. సారు వరుసలో నిలబెట్టి, "నమిలి మింగుండ్రి, తియ్యగ ఉంటది," అనేవాడు. నేను మొదటిసారే కరకరా నమిలేశాను. మంజుల గోలిని నాలుకకు తాకించి, సారు అటు తిరగగానే పిడికిట్లో దాచింది.

"తియ్యగున్నదక్కా. తింటే పురుగులైతయి," అని నా చెవిలో అన్నది.

ఇంటికెళ్ళి అవ్వకు చూపించింది. అవ్వ దాన్ని లాక్కుని పెంటకుప్ప మీదికి విసిరింది. "బెల్లం ముక్క గూడ పెట్టకుంట నేను పానం లెక్క కాపాడుకుంటుంటే, బడిల తియ్యటి గోలి ఇస్తరా? గిదేం దవా!"

అని, బిడ్డ నిజాయితీకి మురిసిపోయి తల నిమిరింది. తరువాతి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. గోలి నమిలిన నాకేమీ కాలేదు కదా అని అవ్వతో అనాలని నాకు తోచనే లేదు.

మంజుల బడిలో కూర్చున్నచోటే నిద్రపోయేది. ఎక్కాలు నిలిచేవి కావు. "మొద్దు" అన్నాడు సారు, ఊరంతా అన్నది, నేనూ అన్నాను. ఏడో తరగతిలో మానేసి కూలికి వెళ్ళింది.

నర్సు చదువులో ఒకరోజు మేడం ఆ గోలి గురించి చెబుతూ, పిల్లలు ఉమ్మేయకూడదనే దానికి తీపి కలుపుతారని అన్నది. క్లాసంతా రాసుకున్నారు. నా పెన్ను కదల్లేదు. అయినా ఇంటికెళ్ళి ఆ మాట చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్ళూ రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో క్యారెట్ తొట్టి లేదు, ఆ చేలల్లో సగం ప్రహరీగోడల వెనక్కి పోయాయి. మంజుల మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో గడ్డి పీకే పనికి పోతుంది. పోయిన నెల అక్కడే కళ్ళు తిరిగి పడిపోతే మా దవాఖానకు తెచ్చాను. ఒంట్లో రక్తం లేదు, ఇప్పటికీ అవే పురుగులు. మందు రాయించి, మంచం పక్కన కూర్చుని, ఆ గోలి సంగతి, ఒంట్లో రక్తం లేకనే బడిలో నిద్ర ముంచుకొచ్చిన సంగతి, అంతా చెప్పేశాను.

మంజుల దిండు మీంచి తల ఎత్తింది. "అంటే నేను మొద్దుదాన్ని కాదా అక్కా?" అన్నది.

కాదన్నాను. ముప్ఫై దాటిన మనిషి, మెడదాకా దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగింది.

"అవ్వకు మాత్రం చెప్పకు. పానం ఇడుస్తది," అన్నది.

చెప్పలేదు. అవ్వకు చదువు రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.