బండిలో లేని సెన్సరు

లోడర్లు, డోజర్లు నడిపేవాళ్లంతా ఆవిణ్ణి కోడక్క అనేవాళ్లు. బండి తెర మీద ఎర్రదీపం వెలిగి ఏదో కోడు నంబరు పడగానే వాళ్ల చెయ్యి ఫోను మీదికి పోయేది.

"అక్కా, నూట పది అంటోంది, ఏం చెయ్యమంటావు?"

"నీళ్ల వేడి చూసే సెన్సరు నాయనా. ముందు ఇంజను ఆపు. చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోకు, మొహం కాలుతుంది."

ఒకప్పుడు తనూ పనిముట్ల సంచి భుజాన వేసుకుని సైట్లన్నీ తిరిగిన మెకానిక్కే. నిచ్చెన మీంచి జారి నడుము విరగ్గొట్టుకున్నాక, కంపెనీవాళ్లు వర్క్‌షాపు వెనక చిన్న గదిలో ఒక ఫోను, ఒక కంప్యూటరు ఇచ్చి కూర్చోబెట్టారు. కిటికీ తెరిస్తే ఎదురుగా పాత టైర్ల గుట్ట.

పగలంతా గొంతు ఎండిపోయేలా మాట్లాడేది. సాయంత్రం మేడ మీది ఒంటిగది తాళం తీశాక పలకరించే మనిషి లేదు. కింద ఇల్లుగలావిడ "వచ్చావా?" అనేది, ఈవిడ "ఆ, వచ్చాను" అనేది, అంతే. పెళ్లి మాట అనుకునేలోపే అమ్మ మంచం పట్టింది. అమ్మ పోయేసరికి ఆ మాట ఎత్తేవాళ్లే లేకపోయారు. చెల్లెలు అప్పుడప్పుడు ఫోన్ చేసేది గాని, పిల్లల గోలలో సగం మాటలు అటే పోయేవి. కుక్కరు కూత పెడితే "నీకేమొచ్చిందే?" అని కోడక్క దాన్నే కసురుకునేది.

ఆ రోజుల్లోనే ఒక రాళ్ల క్వారీ నుంచి లోడర్ ఆపరేటర్ ఒకాయన ఫోన్ చెయ్యడం మొదలెట్టాడు. పెద్ద వయసు మనిషి. తొలిసారే "అమ్మాయ్" అన్నాడు, ఈవిడా "బాబాయ్" అనేసింది. ఇక రోజూ భోజనాల వేళ ఆయన ఫోను. ఒకరోజు గాలి సెన్సరంటాడు, ఇంకోరోజు నీళ్ల సెన్సరంటాడు. చెప్పినవన్నీ ఓపిగ్గా చేసేవాడు.

"ప్లగ్గు ఊడదీసి తుడిచి పెట్టాను తల్లీ, నంబరు పోయింది. నీ చెయ్యి మంచిదమ్మా."

"నా చెయ్యి ఇక్కడే ఉంది బాబాయ్, చేసింది మీరు."

ఆ తర్వాత కాసేపు ఆయన మోకాళ్ల సంగతి, క్యాబిన్‌లోకి దూరి రొట్టె ఎత్తుకుపోయిన కాకి సంగతి.

ఒకనాడు ఫోన్లు ఊపిరి సలపనివ్వలేదు. మేనేజరు కూడా వచ్చి నాలుగు మాటలు అనేసి పోయాడు. సరిగ్గా అప్పుడే బాబాయ్ ఫోను.

"నూట డెబ్బై మూడు చూపిస్తోందమ్మా."

అది పొగ వేడి కొలిచే సెన్సరు. కొత్త బండ్లకే ఉంటుంది. ఆయనదేమో పాత బండి.

"బాబాయ్, మీ బండిలో ఆ సెన్సరే లేదు."

అవతల కాగితం తడిమిన చప్పుడు.

"లేదా? తలుపుకి అంటించిన కోడ్ల కాగితంలో ఉంటేనూ..."

"అంటే ఇన్నాళ్లూ కాగితం చూసి చదువుతున్నారా? ఇక్కడ నిజంగా బండ్లు ఆగిపోయినవాళ్లు లైన్లో ఉన్నారండీ!"

"తప్పయిపోయిందమ్మా," అని పెట్టేశాడు.

మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడా విరగడైంది అనుకుంది మొదట. తర్వాత భోజనాల వేళైతే చాలు, చెవి ఫోను మీదే ఉండేది. తనే చేద్దామని నంబరు నొక్కి, ఏమని అడగాలో తోచక కట్టేసేది. చివరికి సర్వీసు వ్యాను ఆ క్వారీ వైపు వెళ్తోందని తెలిసి, నడుముకి పట్టీ బిగించుకుని ఎక్కి కూర్చుంది.

"అక్కా, అంతా గుంతల రోడ్డు. నీ నడుము నట్లు ఊడిపోతాయి," అన్నాడు డ్రైవరు.

"ఊడితే బిగిద్దువుగానిలే, పోనీ."

డ్రైవరు ఆవిణ్ణి క్వారీలో దింపి పక్క సైటుకి వెళ్లిపోయాడు. అక్కడ ఒక్క చప్పుడు లేదు. ఎప్పుడో మూసేశారట. రాళ్లు పిండి చేసే క్రషర్ మీద దుమ్ము అట్టకట్టింది. లోడరు మూలపడకుండా రోజూ కాసేపు తిప్పుతూ కాపలా ఉండమని ఆయనొక్కణ్ణీ వదిలిపోయారు. రేకుల షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు, ఫోన్లో గొంతుకి ఏమాత్రం పోలిక లేని బక్కమనిషి.

"నేనే బాబాయ్, కోడక్కని."

"గొంతు తెలిసిందమ్మా."

"బండి స్టార్ట్ చెయ్యండి, చూద్దాం."

ఆయన తల దించుకున్నాడు. "నాలుగైదు రోజులుగా తియ్యట్లేదమ్మా. ఇంజను నూనె తాలూకు ఎర్రదీపం వెలుగుతోంది. ఈసారి నిజంగానే."

"మరి ఫోన్ చెయ్యరేం?"

"ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

ఆవిడ సంచిలోంచి లాప్‌టాప్ తీసి బండికి తగిలించింది. తెర మీద వంద, నాలుగు అని కోడు పడింది. నూనె ప్రెషర్ సెన్సరు నుంచి రావలసిన వోల్టేజి పడిపోయిందని దానర్థం. కొలపుల్ల తీసి చూస్తే నూనె సరిపడా ఉంది. వేరే మీటరు బిగించి ఇంజను తిప్పిస్తే ప్రెషరూ బాగానే ఉంది. అంటే జబ్బు ఇంజనుది కాదు, కబురు మోసే తీగది. తీగల కట్టని కొంచెం కొంచెం కదుపుతూ పోయింది. ఒక బ్రాకెట్ దగ్గర కదపగానే తెర మీది అంకె సున్నాకి పడిపోయింది. తీగ ఇనుముకి రాసుకుని రాసుకుని, పైతొడుగు అరిగి రాగి బయటపడింది. ఇంజను ఆపించి, అతుకు వేసి, రబ్బరు గొట్టం తొడిగి, బ్రాకెట్‌కి దూరంగా కట్టేదాకా ఆయన పక్కనే టార్చి పట్టుకున్నాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే దీపం వెలగలేదు.

టీ కాచాడు. షెడ్డులో గ్లాసు ఒక్కటే ఉంది. అది ఆవిడకిచ్చి, తను ఫ్లాస్కు మూతలో పోసుకున్నాడు.

"రోజూ ఫోన్ చెయ్యండి బాబాయ్. కోడు ఉన్నా లేకున్నా."

"నీ పనికి అడ్డం కదమ్మా?"

"తినే వేళ నాకు మాత్రం ఎవరున్నారు?"

వానలు పడేదాకా అలాగే సాగింది. తర్వాత యజమాని లోడరు అమ్మేశాడు, ఆయన కూతురింటికి చేరాడు. అక్కణ్ణుంచి ఒకసారి చేశాడు.

"బండి లేదు కదమ్మా, ఏం చెప్పాలో తోచట్లేదు."

"ఊరికే చెప్పండి. అక్కడ మిమ్మల్ని బాగా చూస్తున్నారా?"

"బాగానే చూస్తారు. పొద్దున్నే అందరూ పన్లకి పోతారు. ఇక నేనూ, గోడలూ."

కొన్నాళ్లు చూసి ఒక సాయంత్రం ఈవిడే చేసింది. కూతురు ఎత్తింది.

"నాన్న పడుకున్నారండీ. మీరెవరు?"

ఎవరని చెప్పాలో కోడక్కకి తెలియలేదు. "బండి సంగతి మాట్లాడదామని," అంది.

"నాన్న బండి మానేశారండీ," అంది ఆ అమ్మాయి మర్యాదగా.

"తెలుసమ్మా. లేచాక కోడక్క అడిగిందని చెప్పు," అని ఫోను పెట్టేసింది.