మగ్గం గదిలో పిల్లికూతలు

కాదు, అలవాటు పడటమనేది సిగరెట్టుకు ఉంటుంది, ఊపిరికి ఉండదు. ఈ మాట పొద్దున్నే మా కుటుంబం గ్రూపులో పెట్టాను. అందరూ చూశారు, నీలం గీతలు పడ్డాయి, ఒక్కరూ జవాబివ్వలేదు. అంతకుముందు ఒక పెద్దమనిషి గులాబీ పువ్వుల బొమ్మ మీద "ఇన్‌హేలర్ పంపు అలవాటైతే జన్మలో వదలదు, దమ్ము తగ్గగానే మానేయాలి" అని రాసి పంపితే మాత్రం వరసగా దండాలు, చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో మా మామ కూడా ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది అందుకే. మిగతావాళ్లకు తెలియదు, పోనీ. ఆయనకు తెలుసు. ఆ రోజు దవాఖానలో నా పక్కనే కూర్చుని, కళ్లు మూసుకుని మరీ విన్నాడు. ఆయన మర్చిపోయినట్టున్నాడు. నేను మర్చిపోలేదు.

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన కొత్తల్లో, ఎండాకాలం సెలవులు రాగానే నన్ను హైదరాబాద్ నుంచి పోచంపల్లిలో మా మేనత్త ఇంటికి పంపేవాళ్లు. అత్తా మామా ఇద్దరూ చీరలు నేసేవాళ్లు. అత్తకు దమ్ము, అంటే ఉబ్బసం. పుట్టుకతో వచ్చింది కాదు, నడివయసులో మొదలైంది. ఒక డాక్టరు పంపు రాసిచ్చాడు, ఇంకొకరు దానికంటే గట్టి పంపు రాశారు, ఆ తర్వాత గోలీలు కలిశాయి. గోలీలు వేసుకుంటే నాలుగు రోజులు నిమ్మళం, ఆపగానే మళ్లీ మొదలు. వాటితో ఆమె ముఖం ఉబ్బి గుండ్రంగా తయారైంది. కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేది. ఆమె పాత ఫొటో చూపిస్తే నేను వేరే మనిషి అనుకున్నాను.

మామ చెడ్డవాడై ఉంటే ఈ కథ నాకు తేలికయ్యేది. ఆయన ప్రాణమంతా అత్త మీదే. దమ్ము దుమ్ము వల్లే వస్తుందని ఆయన నమ్మకం. అందుకని ఆమెను వీధిలోకి పోనిచ్చేవాడు కాదు. పెరుగు వద్దు, అరటిపండు వద్దు, సీతాఫలం పేరెత్తొద్దు. నేను బస్సు దిగి గుమ్మంలోకి రాగానే, "పట్నం దుమ్మంత మోసుకొస్తివి, ముందు కాళ్లు కడుగు కోడలా" అనేవాడు. అత్త ఎక్కువసేపు ఉండాల్సిన చోటు ఆయన లెక్కలో ఒకటే, దుమ్ము రాని మగ్గం గది.

ఆ గది సంగతి చెప్పాలి. ఎండాకాలం గాలికి పోగు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. అందుకని మా వాళ్లు కిటికీలు మూసేస్తారు, మగ్గం గుంటలో నీళ్లు చల్లుతారు, పడుగు కింద తడి గోనెసంచులు పరుస్తారు. బయట నిప్పులు కురుస్తుంటే లోపల కుండలో కూర్చున్నంత చల్లగా ఉండేది. నాకు భలే ఇష్టం. గోనెసంచుల ముక్కిన వాసన, గోడ కింది సగమంతా నల్లగా పట్టిన బూజు కూడా ఆ చల్లదనంలో భాగమే అనుకునేదాన్ని. గుంటలో కాళ్లు పెట్టుకుని, మా బాపు పడేసిన సిమ్ములేని ఫోన్లో కనిపించిందల్లా వీడియో తీసేదాన్ని. "పోరీ, గా డబ్బా పక్కకు పెట్టి నాలుగు మెతుకులు తినవే" అని అత్త కసిరితే ఆ కసురు కూడా వీడియోలోకి ఎక్కేది.

ఒక వేసవిలో అత్తకు దమ్ము ఎంత ఎక్కువైందంటే, మాట పూర్తి కాకుండానే ఆగి గాలి పీల్చుకునేది. ఊళ్లో గాలి మిషన్ పెట్టించి నిలబెట్టారు. ఇక లాభం లేదని మామ ఆమెను పట్నంలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఎలాగూ మా ఇంటి దారే కదా అని నన్నూ బస్సెక్కించారు. అత్త కిటికీ పక్కన కూర్చుంది. దారిలో ఒకావిడ దోసకాయ ముక్కల గంప పట్టుకుని ఎక్కితే అత్త ఆమెతో బేరానికి దిగింది. "గీ ముక్కకు గంతనా? ఇది దోసకాయనా, బంగారమా?" అంటూ బస్సంతా నవ్వించింది. అదీ వీడియో తీశాను.

దవాఖానలో పొద్దెక్కేదాకా వరసలో కూర్చున్నాం. నాకు ఆకలి, కోపం. డాక్టరమ్మ అత్త కంటే పెద్దది, జుట్టు సగం నెరిసింది. మామ కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఏ మందూ పని చేస్తలేదు మేడం. దీనికి కొత్తగ పెద్ద సూది వచ్చిందంట, గదే రాయుండ్రి."

"రాయనంటలేను. అవసరం పడితే రాస్త. ముందు నీ పంపు తియ్యమ్మా, రోజూ ఎట్ల పీలుస్తవో గట్లనే పీల్చు" అంది ఆమె.

అత్త కొంగు ముడి విప్పి పంపు తీసింది. నోట్లో పెట్టుకుని టక్కున నొక్కింది. తెల్లటి పొగ నోటి పక్క నుంచి, ముక్కులోంచి మెల్లగా బయటికొచ్చి బల్ల మీద తేలింది. డాక్టరమ్మ ఆ పొగనే చూస్తూ, "మందు నీకంటె నా రూముకే ఎక్కువ పట్టింది కదమ్మా" అంది. అత్త సిగ్గుపడి నవ్వింది. "నువ్వు ఎట్ల తీసుకుంటున్నవో ఇన్నేండ్లల్ల ఎవ్వరన్న చూసిండ్రా?" అని డాక్టరమ్మ అడిగితే, "లేదు మేడం. రాసిచ్చిండ్రు, కొనుక్కున్నం" అంది.

ఈ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది. గోలీల మీద గోలీలు రాశారే, ఒక్కరికి ఒక్క నిమిషం దొరకలేదా, ఏదీ పీల్చి చూపించు అనడానికి?

తర్వాత డాక్టరమ్మ, ఎక్కడున్నప్పుడు తక్కువగా ఉంటుందని అడిగింది. అత్త ఆలోచించి "బస్సుల" అంది. మామ గట్టిగా నవ్వాడు. "బస్సులనే ఉంటది దుమ్మంత. దీనికేం ఎరుక మేడం?" అన్నాడు. నాకు ఆగలేదు. లేచి నిలబడి అరిచాను. "మామా, బస్సులో అత్త బాగానే ఉంది! నా దగ్గర వీడియో ఉంది!" మామ నన్ను కూర్చోమని గుడ్లురిమాడు. డాక్టరమ్మ మాత్రం ఫోన్ కోసం చెయ్యి చాపింది.

వీడియోలు చూసి, ఒకదాంట్లో గోడ మీది నల్ల బూజు దగ్గర కాసేపు ఆపి, ఆమె మామ వైపు తిరిగింది. "నేత పని కదా మీది. పోగు తెగితే చూడకుండనే తెలుస్తదంట, నిజమేనా?"

మామ ఛాతీ విరుచుకున్నాడు. "సప్పుడు మారుతది మేడం. నిద్రల ఉన్నా చెప్త."

"అయితే కండ్లు మూసుకో."

ఆయనతోపాటు నేనూ మూసుకున్నాను. ముందు బస్సు వీడియో. ఇంజను రొద, దోసకాయల బేరం, అత్త నవ్వు. తర్వాత మగ్గం గది వీడియో. మగ్గం చప్పుడు టకటకమని సాగి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, సన్నగా, తలుపు సందులోంచి గాలి దూరుతున్నట్టు ఈలలు, దమ్ము మనిషి ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు. లోపలికి ఒక ఈల, బయటికి ఇంకా పొడుగు ఈల. మధ్యలో "పోరీ..." అని అత్త గొంతు, మాట పూర్తి కాక మళ్లీ ఈల.

మామ కళ్లు తెరిచి "ఇదెక్కడిది?" అన్నాడు.

"మన మగ్గం రూమే మామా."

ఏళ్ల తరబడి ఆమె పక్కనే కూర్చుని, తెగిన ప్రతి పోగునూ విన్న మనిషి. తర్వాత ఫోన్ తీసుకుని ఆ వీడియో మళ్లీ పెట్టుకుని విన్నాడు.

రెండు వీడియోలు చూసి రోగం తేల్చరని డాక్టరమ్మ చెప్పింది. గొట్టంలోకి గట్టిగా ఊదించారు, రక్తం తీశారు. అత్తది నిజంగానే గట్టి ఆస్తమా అనీ, దానికి ఆ బూజు పడటం లేదనీ తర్వాత తేలింది. కానీ ఆ రోజు డాక్టరమ్మ మామతో అన్నది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మందు లోపలికి పోక, బూజు బయటికి పోక, నేను ఎంత పెద్ద సూది ఇచ్చినా దండుగ." పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి, తడబడకుండా పీల్చేదాకా అత్తను అక్కడే కూర్చోబెట్టింది. బాగున్న రోజు కూడా పీల్చాలని, గోలీలు సొంతంగా ఆపొద్దని, తానే మెల్లగా తగ్గిస్తానని చెప్పింది.

నా సెలవులు ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి నేనూ వాళ్లతోనే తిరిగొచ్చాను. ఇంటికొచ్చాక మామ మారిపోయాడనుకుంటున్నారా? "గీ ఎండల కిటికీ తెరిస్తే పడుగంత పోతది" అని గొణుగుతూ తిరిగాడు. అత్త తనే గోనెసంచులు లాగబోతే మాత్రం ఆమెను బయటికి నెట్టి, ముఖానికి తువ్వాల కట్టుకుని అన్నీ మోసి పారేశాడు. గోడ గీకి సున్నం వేశాడు. కిటికీలు తెరిచాడు. అన్నట్టుగానే పోగులు తెగాయి. తెగిన ప్రతిసారీ నా వైపు చూసి, "నీ ఫోను పాడుగాను కోడలా" అని తిట్టి, వంగి ముడి వేసుకునేవాడు. చివరికి ఎండ ముదరకముందే, తెల్లారుజామున చల్లగాలి ఉన్నప్పుడే నేయడం అలవాటు చేసుకున్నాడు. అత్తకు దమ్ము పూర్తిగా పోలేదు. కానీ గోలీలు తగ్గాయి, ముఖం మళ్లీ ఫొటోలో ముఖమైంది. గోడ పట్టుకోకుండా లేచేది.

ఇదంతా చూసిన మనిషి, గులాబీ పువ్వుల మెసేజీకి చప్పట్లు కొట్టాడు.

ఇవాళ మధ్యాహ్నం అత్తకు ఫోన్ చేశాను. "బాగనే ఉన్న కదా బిడ్డా, పంపు పక్కకు పెట్టిన. అందరు గట్లనే అంటున్నరు, మీ మామ కూడ" అంది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడకుండా ఊపిరి తీసుకో అత్తా అన్నాను. "ఏం పనిలేదా నీకు?" అని నవ్వుతూనే తీసుకుంది. సన్నగా, చాలా సన్నగా, ఆ ఈల. దాన్ని రికార్డు చేసి గ్రూపులో పెట్టలేదు, మామ ఒక్కడికే పంపాను. కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు.

"ఇదెక్కడిది?"

"నీ పక్కనే ఉంది మామా. చెవి పెట్టి విను."

అటువైపు ఆయన లేచి నడిచిన చప్పుడైంది. తర్వాత గొంతు దూరంగా పోయి, "ఏమే, నీ పంపు ఏడ పెట్టినవ్?" అని అత్తను అడగడం వినిపించింది.

ఆ దవాఖాన గది నుంచి నాకొక రోగం పట్టుకుంది. ఎవరింటికి పోయినా నా చెయ్యి ముందు కిటికీ గొళ్లెం మీదికి పోతుంది. మందు పని చేయడం లేదని ఎవరన్నా అంటే, ఏదీ, ఎలా తీసుకుంటున్నారో చూపించండి అంటాను. పెద్దలంటే మర్యాద లేని పిల్లని, ఎప్పుడూ ఫోన్ పట్టుకుని వాదిస్తానని మా వాళ్లలో నాకు పేరు. ఉండనివ్వండి. పక్కనున్న మనిషి ఊపిరి వినకుండా, ఎక్కడి నుంచో వచ్చిన పువ్వుల బొమ్మకు చప్పట్లు కొట్టడం కూడా మర్యాదేనంటే, ఆ మాట మా అత్త ముందు కూర్చుని, ఆమె ఈల వింటూ, మీరు అనగలరా?